అక్కా అని పిలిచాక

ప్రశ్న: మేడమ్, నాకు 25 ఏళ్లు. మాది హిందూపురం దగ్గర పల్లె. నేను పుట్టకముందే నాన్న బెంగళూరు వచ్చి పీణ్యాలో లేత్ మిషన్ మీద పనిచేశారు. రామమూర్తినగర్‌లో చిన్న ఇల్లు కట్టారు, దాని లోను ఇంకా నడుస్తోంది. నేను మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను కానీ మనసంతా సోషల్ ఆంత్రపాలజీ మీదే ఉంది, మనుషుల మధ్య ఉండి వాళ్ల ఆచారాలు, బంధుత్వాలు చదివే శాస్త్రం అది. ఎం.ఎ., ఆ తర్వాత పిహెచ్.డి చేయాలని కోరిక. 'నలుగురి ఇండ్లకు పోయి మీ కులమేంది, మీ కూడేంది అని అడగడం కూడా ఒక ఉద్యోగమేనా' అంటారు నాన్న.

ఇప్పుడు రాయడానికి కారణం వేరే ఉంది. ఎనిమిది నెలలుగా ఆదివారాలు సర్జాపుర రోడ్డు వైపు ఒక కట్టడం పక్కనున్న రేకుల షెడ్లకు వెళ్తున్నాను. అందరూ కదిరి, ముదిగుబ్బ వైపు నుంచి వచ్చిన బేల్దారి పనివాళ్లు. పిల్లలకు చదువు చెబుతూ, విన్నవి ఫోన్‌లో రాసుకుంటున్నాను. అక్కడ ఒక అక్క వారం కూలిలోంచి రెండు వందలు తీసి, భర్తకు తెలియకుండా కిరాణా కొట్టామె దగ్గర దాచుకుంటోంది. నాతో చెప్పింది. నేను మా వాలంటీర్ల మీటింగులో, పేరు ఎత్తకుండానే, ఆ సంగతి మెచ్చుకుంటూ చెప్పాను. అది మేస్త్రీ దాకా, అక్కణ్నుంచి భర్త దాకా పోయింది. డబ్బంతా తీసేసుకున్నాడు. ఇప్పుడు నన్ను చూస్తే ఆ అక్క లోపలికి వెళ్లిపోతోంది. ఈ పనికి నేను పనికిరానా? లేక ఈ పనే ఇంతా? (పేరు వద్దు, బెంగళూరు)

సమాధానం:

అమ్మాయీ, ఆ డబ్బు మొత్తం ఎంత? నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఆ అంకె లేదు. వారానికి రెండు వందలంటే ముప్పై వారాలకు ఆరు వేలు. ఆ షెడ్లలో ఆరు వేలంటే ఊళ్లో డ్వాక్రా సంఘానికి కట్టాల్సిన కంతులు కావచ్చు. పిల్లకు జ్వరమొస్తే ఆటోకు, డాక్టరుకు, మందులకు కావచ్చు. ఒక రాత్రి గొడవ ముదిరితే పిల్లల్ని చంకనేసుకుని కదిరి బస్సెక్కడానికి దాచిన చార్జీలైనా కావచ్చు. ఎనిమిది నెలలు రాసుకున్నదానివి, దేనికి దాస్తోందో అడిగావా? అడిగి ఉంటే మీటింగులో చెప్పడానికి నోరు వచ్చేది కాదేమో.

కటువుగా మొదలుపెట్టానని అనుకోకు. మీ అమ్మకంటే పెద్దదాన్ని, నిన్ను నువ్వనే అంటాను. ముప్పై అయిదేళ్లు ఇదే పని చేసి రిటైరయ్యాను కాబట్టి, నువ్వు చేసిన తప్పు నాకు కొత్త కాదు. నేనూ చేశాను.

1980లలో కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడే ఒక పల్లెలో ఏడాది ఉన్నాను. ఊరి పేరు అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. వెళ్లిన కొత్తలో ఇండ్లు లెక్కపెట్టి, ఎవరు ఎవరికి ఏమవుతారో వంశవృక్షాలు గీసుకోవడం మా పనిలో మొదటి మెట్టు. ఆ వీధి చివరింట్లో ఒక అవ్వ ఉండేది. నోటుబుక్కు తీయగానే "ముందు నీ సంగతి చెప్పు, ఆనక నాది అడుగుదువు" అంది. మీ నాయన ఎంత సంపాదిస్తాడు, ఒంటరిగా ఎందుకు పంపినాడు, పెండ్లెందుకు కాలేదు, రాత్రిపూట భయం కాదా అని అన్నీ అడిగింది. చివరికి మీ అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరేందంది. నాకు తెలియదు. "అమ్మమ్మ ఇంటిపేరు తెలీదు గానీ, మా ఊరి ఇండ్లు లెక్కబెట్టను వచ్చినావా" అని పకపకా నవ్వింది. ఆ సాయంత్రం బస్సెక్కి పక్క ఊళ్లో ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేసి అడిగాను.

ఇక నా తప్పు. ఊరి పొలాల పటం ఒకటి గీసుకున్నాను, ఏ చెక్క ఎవరిదో, ఎవరి దగ్గర కుదువలో ఉందో రాసి. టీ అంగడి దగ్గర ఒకతను ముచ్చటపడి చూపించమంటే చూపించాను. వాళ్లన్న తనకు చెప్పకుండా ఉమ్మడి చెక్క ఒకటి కుదువ పెట్టిన సంగతి అతనికి నా పటం చూసే తెలిసింది. ఆ ఉగాదికి అన్నదమ్ములిద్దరూ ఒక పంక్తిలో కూర్చోలేదు. ఏడుస్తూ అవ్వ దగ్గరికి పోయాను. ఆమె అన్నం పెట్టి, "నువ్వు నా కోడలివైతే తిట్టుందును. బిడ్డవైతే రెండు తగిలించుందును. ఏమీ కావు కాబట్టి కూడు పెట్టి పంపిస్తున్నా" అంది.

ఆ మాట మర్యాదగా ఉందనుకున్నాను ఆ రోజు. అంతకంటే పెద్ద తిట్టు లేదని చాలా ఏళ్లకు అర్థమైంది. తిట్టడానికి కూడా వరస కావాలి. నాతో ఆమెకు వరస లేదు.

నీ సంగతి అలా కాదు, గమనించావా? ఆ షెడ్లలోని అక్కను రంగమ్మ అనుకుందాం. నువ్వు ఆమెను 'అక్కా' అన్నావు. ఆమె నిన్ను పాపా అనో చెల్లీ అనో పిలిచే ఉంటుంది. ఊరొదిలి వచ్చినవాళ్లు చేసే మొదటి పని వరసలు కలుపుకోవడం. ఆ షెడ్లలో ఒకరికొకరు రక్తసంబంధం లేకపోయినా మామా, వదినా, చిన్నాయనా అనుకుంటూనే బతుకుతారు. ఎందుకంటే వరస కలిశాక అడిగే హక్కు వస్తుంది, పెట్టాల్సిన బాధ్యతా వస్తుంది. వదిన దగ్గర అరసోలెడు బియ్యం బదులు తెచ్చుకోవచ్చు, మామ ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోకూడదు. రంగమ్మ ఆ రెండు వందల సంగతి ఒక పరిశోధకురాలికి చెప్పలేదు. చెల్లెలికి చెప్పింది. నువ్వు దాన్ని మీటింగుకు మోసుకెళ్లావు. బయటిదానివే అయ్యుంటే రా అమ్మా, కూచో అని నవ్వు ముఖంతో పలకరించి, మనసులో తలుపు వేసేసుకునేది. నిన్ను చూసి లోపలికి పోతోందంటే అలిగిందన్నమాట. మనవాళ్లనుకున్న వాళ్ల మీదే అలుగుతాం.

వరస గురించి ఇంత చెబుతున్నాను కదా, మీ నాన్నకు వినిపించడానికి ఒక ముక్క ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతాను. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్లో లూయీ హెన్రీ మోర్గన్ అనే లాయరు ఉండేవాడు. పక్కనే ఉన్న సెనెకా తెగవాళ్లు తండ్రి అన్నదమ్ముల్ని కూడా తండ్రి అనే పిలుస్తారని, తల్లి అక్కచెల్లెళ్లను తల్లి అనే అంటారని చూసి ఆశ్చర్యపోయాడు. తన ఇంగ్లీషులో అందరూ అంకుల్లే, అందరూ కజిన్లే మరి. లోకంలో ఇంకెక్కడైనా ఇలా ఉందా అని మిషనరీలకు, దూతలకు ప్రశ్నల పట్టికలు పంపాడు. మద్రాసు వైపు నుంచి జవాబు వచ్చింది. ఇక్కడా తండ్రి అన్న పెద్దనాన్న, తమ్ముడు చిన్నాన్న, వాళ్ల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు మాత్రం వేరు లెక్క. 1871లో అచ్చయిన ఆయన పుస్తకంలో తమిళ, కన్నడ వరసల పక్కనే మన తెలుగు వరసలూ పట్టికలుగా ఉన్నాయి. మన దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. మేనమామను పిలిచే మాటతోనే పిల్లనిచ్చిన మామనూ పిలుస్తాం, మేనత్త అత్తే, అత్తగారూ అత్తే. మేనరికం ఆచారం మాటలోనే ఇమిడి ఉంది. సెనెకాలకు ఆ మేనరికం లేదు. మరి అంత దగ్గరి పోలిక ఎలా వచ్చింది, ఈ తేడా ఎందుకుంది అన్న ప్రశ్నల చుట్టూ నూటయాభై ఏళ్లుగా మా శాస్త్రంలో ఒక శాఖే నడుస్తోంది. మీ ఇంట్లో పెళ్లి పత్రికలు పంచేటప్పుడు మీ అమ్మ నోటి వెంట వచ్చే మాటలే అవన్నీ.

సరే, రంగమ్మ దగ్గరికి వద్దాం. పేరు ఎత్తలేదు కదా అన్నట్టు రాశావు. కాసిని షెడ్లు, ఒకటే కిరాణా కొట్టు, కొట్టు నడిపేది ఆడమనిషి. అక్కడ పేరెందుకు? దీపం పెట్టి చూపించినట్టే. మా పనిలో పేర్లు మార్చడం మామూలే. మన దేశంలో ఈ శాస్త్రంలో పెద్ద పేరున్న ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు వైపు ఒక పల్లెలో ఉండి రాసిన ఊరి పేరు 'రాంపుర' అని పెట్టారు. అది కొడగహళ్లి అని ఈ రోజు ఈ సబ్జెక్టు చదివే ప్రతి కుర్రాడికీ తెలుసు. పేరు మార్చడం తలుపుకు గొళ్లెం పెట్టడం లాంటిదే, దొంగను ఆపదు. అసలు కాపాడేది ఏమిటంటే ఏది చెప్పకుండా వదిలేశావో అదే. రంగమ్మ దాపరికం మీ వాలంటీర్లకు ఎందుకు తెలియాలి? వాళ్లేం చేస్తారు దాంతో? మెచ్చుకుంటారు. మెచ్చుకోలు కోసం చెప్పావు, ఒప్పుకో. నాకూ ఆ టీ అంగడి దగ్గర నా పటం ఎంత బాగుందో నలుగురికీ చూపించాలనే ఉంది.

ఇంకొకటి నీకు తట్టి ఉండదు. ఆ కొట్టామె దగ్గర దాచుకునేది రంగమ్మ ఒక్కతేనా? ఎవరికీ తెలియని చిన్న బ్యాంకు అది. పాస్‌బుక్కు లేదు, వడ్డీ లేదు, ఉన్నదల్లా ఆ కొట్టామె నోటి మీద నమ్మకం. ఇప్పుడు మిగతా ఆడవాళ్లు తమ డబ్బు వెనక్కి తీసుకుని ఉంటారు, లేదా మొగుళ్లు వెళ్లి కొట్టామెను నిలదీసి ఉంటారు. ఆమె వ్యాపారానికీ దెబ్బే. క్షమాపణ చెప్పుకోవలసిన చోటు ఒకటి కాదు, రెండు.

వెళ్లు. ఆదివారం పాఠాల టైముకు కాదు, అప్పుడు పిల్లలు, ఇరుగుపొరుగు ఉంటారు. బటవాడా అయ్యాక మగవాళ్లు లేని పూట ఏదో నాకంటే నీకే తెలుసు. ఫోన్ బ్యాగులోంచి తీయకు. నేను చెప్పకూడని చోట చెప్పాను అక్కా, తప్పు నాదే అని ఒక్క వాక్యం అను. మా మీటింగులో ఎవరో, మేస్త్రీ ఎలాగో అని కథ మొదలుపెట్టావా, అంతా పోయినట్టే. ఆమె తిడితే తిట్టనివ్వు. లోపలికి పోతే గుమ్మం దగ్గర కాసేపు కూర్చుని వచ్చేయి, మళ్లీ వారం వెళ్లు. డబ్బు సంగతి, నా మాట వింటే, నువ్వే పెట్టుకోవాలి. కానీ చేతిలో పెట్టొద్దు. ఎక్కడ, ఎలా, ఎంతెంత ఇస్తే ఆమెకు మళ్లీ గొడవ రాదో ఆమెనే అడుగు. వద్దంటే బలవంతం చేయకు. కొట్టాడా అన్నది కూడా మెల్లగా కనుక్కో. చేయి చేసుకుంటున్నాడంటే 181 అనే మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆమెకు తెలియాలి. ఫోన్ చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం, నువ్వు ఆవేశపడి చేసేయకు. ఒకసారి ఆమె బదులు నువ్వు మాట్లాడిన ఫలితం చూశావు కదా.

ఆ ఫోన్ నోట్సు మాటేమిటని అడగలేదు నువ్వు. నేనైతే రంగమ్మ డబ్బు గురించి రాసిన భాగం కొట్టేస్తాను. మిగతావాటిలో అసలు పేర్లు తీసేసి గుర్తులు పెట్టుకో, ఏ గుర్తు ఎవరిదో వేరే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉంచకు. రెండు ప్రతులు రెండు చోట్ల దాచు. శ్రీనివాస్‌గారి కథ మా తరం విద్యార్థులందరికీ హెచ్చరికగా చెప్పేవారు. 1970లో ఆయన కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్‌లో కూర్చుని రాంపుర పుస్తకం రాస్తున్నారు. ఏళ్ల తరబడి సర్దుకున్న నోట్సు మూడు ప్రతులూ ఆ ఒక్క చోటే ఉన్నాయి. ఏప్రిల్ 24న ఎవరో ఆ కేంద్రానికి నిప్పు పెట్టారు, అమెరికా అంతా విద్యార్థుల ఆందోళనలు నడుస్తున్న రోజులు. మూడు ప్రతులూ పోయాయి. తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాసి 1976లో అచ్చువేశారు, ఆయన పేరు నిలబెట్టిన పుస్తకాల్లో అదొకటి. బ్యాకప్ గురించి సాఫ్ట్‌వేర్ అమ్మాయికి నేను చెప్పాలా అనుకో, అయినా చెప్పాను.

ఆయన్ని మహానుభావుడని పొగిడి వదిలేయడం నాకిష్టం లేదు. ఆ ఊళ్లో ఆయన ఊరిపెద్ద ఎద్దుల కొట్టంలో బస చేశారు. సహజంగానే ఊరు ఆయనకు పెద్ద కులాల అరుగు మీంచి కనిపించింది, దళితుల వాడ నుంచి కాదు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నారు కూడా. ఎక్కడ బస చేశావన్నదే ఏం చూస్తావో నిర్ణయిస్తుంది. నువ్వు వాలంటీర్ల తరఫున ఆ షెడ్లలోకి వెళ్లావు. వాళ్ల కళ్లకు నువ్వు అపార్ట్‌మెంట్ల గేటు లోపలి మనిషివి. రంగమ్మ ఆ గేటు దాటి నిన్ను నమ్మింది.

ఈ పనే ఇంతా అని అడిగావు. కొంత ఇంతే, అబద్ధం చెప్పను. పైనుంచి చూస్తే మేం చేసేది అదే, వెళ్లి ఉండటం, వినడం, వచ్చి రాసుకోవడం. అయితే చాలాకాలం ఒకేచోట ఉంటే తప్ప కంటపడని సంగతులు ఉన్నాయి. స్కార్లెట్ ఎప్‌స్టైన్ అనే ఆంత్రపాలజిస్టు 1950ల మధ్యలో మండ్య దగ్గర రెండు ఊళ్లలో ఉంది. పేర్లు మార్చి వంగల, దలేన అని రాసింది. విశ్వేశ్వరయ్య కాలువ వచ్చి వంగలకు నీళ్లు అందాయి. దలేన మెట్ట మీద ఉండటంతో అందలేదు. నీళ్లు వచ్చిన ఊరే మారుతుందని ఎవరైనా అనుకుంటారు. వంగలలో చెరకు పండింది, డబ్బు వచ్చింది, కానీ పాత కట్టుబాట్లు, ఎవరి పొలంలో ఎవరు తరతరాలుగా కూలికి వెళ్లాలన్న లెక్క, పెద్దగా కదల్లేదు. పండించుకోవడానికి పాత పద్ధతులే సరిపోయాయి. నీళ్లు రాని దలేనవాళ్లు మండ్య టౌను పట్టారు. ఫ్యాక్టరీలో, ఆఫీసుల్లో చేరారు, బండ్లు తోలారు, పిండిమర పెట్టారు, పక్క ఊళ్లలో మాగాణి కొన్నారు. పాత కట్టు సడలింది అక్కడ. ఆమె 1970లో మళ్లీ వచ్చి రెండు ఊళ్లూ చూసుకుంది. మీ షెడ్లలోని కదిరి, ముదిగుబ్బ వాళ్లు ఎవరనుకున్నావు? నీళ్లు రాని ఊళ్లవాళ్లే. మీ నాన్న కూడా.

మీ నాన్న అనే మాటను తేలిగ్గా తీసుకోకు. ఆ వెటకారంలో కొంత న్యాయముంది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ కులాల గురించి, తెగల గురించి రాసిన ఏడు సంపుటాలు 1909లో వచ్చాయి. ఇప్పటికీ మనవాళ్లు అందులోంచి తమ కులం పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటారు. ఆయన అడగడంతో ఆగలేదు. కొలిచాడు. మనుషుల తలలు, ముక్కులు కొలతపుల్లలతో కొలిచి అంకెలు రాసుకున్నాడు. కొలిపించుకున్నవాళ్లకు అది ఎందుకో తెలియదు, ఏం ఒరిగిందో అంతకన్నా తెలియదు. మీ నాన్న 'మీ కులమేంది, మీ కూడేంది' అన్నప్పుడు ఆయన చెవిలో ఆ పాత సర్కారీ గొంతు మోగుతూ ఉండొచ్చు.

ఆ పక్కన ఇంకొక దారి ఉంది. ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన హైమన్‌డార్ఫ్ పేరు మీ నాన్న వినే ఉండొచ్చు. ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి శత్రుదేశం పాస్‌పోర్టు ఉన్నవాడని బ్రిటిషువాళ్లు హైదరాబాద్ సంస్థానం దాటి పోనివ్వలేదు. ఇక్కడే ఉండి ముందు చెంచుల మీద, తర్వాత గోండుల మీద పనిచేశాడు. 1940లో జోడెఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో చూసి చెప్పమని నిజాం ప్రభుత్వం ఆయన్నే అడిగింది. భూములు చేజారడమే మూలమని ఆయన రాశాడు. పట్టాలిప్పించే ప్రయత్నం చేశాడు, మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించాడు. ఆయనా నిజాం కొలువులోని మనిషే, విమర్శలు లేకపోలేదు. కానీ ఆయన భార్య ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు, తర్వాత ఆ అస్థికలూ అక్కడికే చేరాయి. ఇప్పటికీ ఏటా జనవరి 11న గోండులు ఆ సమాధుల దగ్గర కలుస్తారు. మరో దేశం వాళ్లకు గోండులు వర్ధంతి చేస్తున్నారంటే వరస బాగానే కలిసిందన్నమాట.

ఇక చదువు, డబ్బు. త్వరగా చెప్పేస్తాను. ఉద్యోగం ఇప్పుడే మానకు, సీటు చేతికొచ్చాక మాను. ఈ లోపల లోను కంతులు ఒక ఏడాదికి సరిపడా పక్కన పెట్టి నాన్నకు చూపించు. సగం వాదన అక్కడే తీరుతుంది. ఆంత్రపాలజీ పీజీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా, తిరుపతి శ్రీవేంకటేశ్వర, మైసూరు, మద్రాసు, పాండిచ్చేరి యూనివర్సిటీల్లో ఉంది. డిగ్రీలో ఇంజనీరింగ్ చదివినవాళ్లను తీసుకుంటారా లేదా అన్నది ఒక్కో చోట ఒక్కో రకం, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకో. సోషియాలజీ ఎం.ఎ. అయినా నష్టం లేదు. మన దేశంలో ఈ రెంటికీ మధ్య గోడ చాలా పల్చన, శ్రీనివాస్ కూడా ఆ గోడను పట్టించుకోలేదు. ఎం.ఎ. తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జె.ఆర్.ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే నెలకు 37,000. దానికి వయసు పరిమితి 30, ఆడవాళ్లకు ఇంకో అయిదేళ్ల సడలింపు ఉంది. నీకు ఇప్పుడు 25, లెక్క వేసుకో. పిహెచ్.డికి ఊరు దాటాల్సిన పని కూడా లేదు. నాగరభావిలో ఉన్న ఐసెక్‌లో, అంటే ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ చేంజ్‌లో, చేయొచ్చు. శ్రీనివాస్ 1972లో ఢిల్లీ వదిలి ఆ సంస్థకే వచ్చారు, 1999లో ఈ ఊళ్లోనే పోయారు.

పర్మనెంటు లెక్చరర్ పోస్టులు తక్కువ, గెస్ట్ లెక్చరర్లుగా పదేళ్లు చేసినవాళ్లు నాకు తెలుసు. ఆ మాట దాచి నిన్ను దింపను. కేంద్ర ప్రభుత్వపు ఆంత్రపాలజికల్ సర్వే ఉంది, దానికి మైసూరులో ప్రాంతీయ కేంద్రం ఉంది. రాష్ట్రాల గిరిజన పరిశోధన సంస్థలున్నాయి. ఇక మన బెంగళూరులో కంపెనీలు కూడా, తమ యాప్‌ను జనం ఎలా వాడుతున్నారో ఇంటికి వెళ్లి చూసి రమ్మని మావాళ్లను పెట్టుకుంటున్నాయి. టెస్టింగ్ చేసినదానివి, ఆ గేటు నీకు తెరిచే ఉంటుంది. నాకైతే ఆ పని పెద్దగా రుచించదు. రంగమ్మ డబ్బు ఎక్కడ దాస్తుందో తెలుసుకుని ఆమెకు ఫోన్ వ్యాలెట్ అమ్మజూపడం గుర్తొస్తుంది. కానీ కడుపు నింపే పనిని తప్పుపట్టను.

చివరగా ఒకటి. షెడ్లలో మొదటి నెలల్లో ఎవరైనా నిన్ను 'మీరేమిట్లోళ్లు పాపా' అని అడిగారా? అడిగే ఉంటారు. 'అవన్నీ ఎందుకు అవ్వా' అని నవ్వేసి ఉంటావు. అందరం అదే చేశాం. వాళ్ల కులం మాత్రం రాసుకున్నాం. ఈసారి అడిగితే చెప్పు. జీతమెంతో అడిగినా చెప్పు, ఇంటి లోను సంగతి కూడా. రంగమ్మతో రాజీ కుదిరితే, కుదరడానికి నెలలు పట్టినా సరే, తర్వాత ఒక ఆదివారం మీ నాన్నను తీసుకెళ్లు. ఆయనకు ఏమీ చెప్పకు, ఊరికే టీ తాగి వద్దాం రమ్మను. హిందూపురం మనిషి, ముప్పై ఏళ్ల కిందట అదే దారిన వచ్చినవాడు. ఆ షెడ్ల మధ్య మడత మంచం మీద కూర్చున్న పది నిమిషాల్లో మీదే ఊరు, ముదిగుబ్బలో ఎక్కడ, ఫలానా రెడ్డి మిల్లు పక్కనా, అయితే మా చిన్నాయన వియ్యంకుడు మీకేమవుతాడు అని మొదలుపెట్టకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయి.